మైసమ్మ రాయిపై నా దండయాత్ర

మూఢనమ్మకాలను వేళ్లతో సహా పెకలించాలని ఎన్నో వేదికలెక్కి అరిచినవాణ్ణి. జన్మలో ఒక్కసారి నిజంగానే పెకలించాను. ఆ ఘోరం విని మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు. సగం వరంగల్ ఇప్పటికే నవ్వేసింది.

ఎనుమాముల అవతల ఒక పాత రైలుదారి ఉంది. పట్టాలు ఎప్పుడో పోయాయి. మిగిలినవి సర్కారు తుమ్మ, పాములు. "ఒక్క పాత గుర్తు చూపించండి, నడకబాటగా ఉంచుతాం. లేదంటే ఈ జాగా గోదాములకే" అన్నారు అధికారులు. ఆదివారం వాళ్లు వస్తారనగా శనివారం బాట కావాలన్న మేం పదిమందిమి కొడవళ్లతో దిగాం. ఒక్క మైలురాయి దొరికితే చాలు. కానీ అవన్నీ ఏనాడో జనం ఇళ్ల పునాదుల్లోకి చేరాయి.

తుమ్మ నరుకుతున్న రాజక్క ఠక్కున ఆగింది. ఆమె మగ్గం నేస్తుంది, మా అందరికంటే చురుకు. పొదలో మోకాలెత్తు రాయి. ఒంటినిండా అంగుళం మందాన పసుపు, కుంకుమ.

"మైసమ్మ ఉన్నది. ఈడ కత్తి వెయ్యకుండ్రి."

నాకు పూనకం వచ్చింది. హేతువాదులకూ వస్తుంది, వేపమండకు బదులు చేతిలో మైకు ఉంటుంది, అంతే తేడా. ఆరోజు మైకు లేదు. గడ్డపార ఉంది.

"రాజక్కా, ఇది రాయి. పసుపు పూస్తే పసుపు రాయి."

"రాయైతే రాయి సారూ. నీకేం అడ్డమొచ్చింది?"

"సత్యానికి అడ్డం!"

"సత్యాన్ని జర పక్కకెళ్లి పొమ్మను. ఎల్లయ్య మామ చాయ్ తెస్తాండు, ఆయన్నడిగి ముట్టు."

ఎల్లయ్య మామ ఈ దారిలోనే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ముసలాయన అనుమతి అడిగి సంఘాన్ని సంస్కరించినవాడు ఎక్కడైనా ఉన్నాడా? పావుగంట ఉపన్యసించాను. రాయి శ్రద్ధగా విన్నది. ఆపైన గడ్డపార దింపి ఒక్క తోపు తోశాను. ఫట్‌మని దాని నడుం విరిగింది.

"చూశారా, నాకేమైనా అయిందా?"

ఎవరూ నన్ను చూడటం లేదు. రాలిన పసుపు పెచ్చు కింద చెక్కిన అంకెలు కనబడుతున్నాయి. ఒకటి, ఏడు.

అప్పుడే చాయ్ కెటిల్‌తో వచ్చాడు మామ.

"ఎవడు చేసిండు?"

అందరి వేళ్లూ నావైపే.

"మామా, మూఢనమ్మకం..."

"ఎవనికి నమ్మకం? రాళ్లన్నీ ఎత్తుకపోతాండ్రని, మిగిలిన ఒక్కదానికి నేనే పసుపు పూసిన! ముందే చెప్తే అది గూడ ఆగదని, రేపు అధికార్ల ముంగట కడుగుదామనుకున్న. ఇన్నేండ్లు దొంగలు సుత దండం పెట్టి పోయిండ్రు. సదువుకున్నోడొచ్చి ఇరగ్గొట్టిండు!"

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు. ఎలుకను కొట్టబోయి కొండను విరగ్గొట్టింది నేనొక్కణ్ణే.

సాయంత్రానికి సిమెంటుతో అతికించాం. ఆదివారం అధికారులు అంకెలు తడిమి, తలూపి, బాట ఖాయమన్నారు. "కంచె వేసేదాకా రాయికి కాపలా ఎవరు?" అని కూడా అడిగారు. మామ పసుపు డబ్బా నా చేతిలో పెట్టాడు.

"ఇరగ్గొట్టినోడే పుయ్యాలె. నడుం కాడ జర మందంగ."

పూశాను. బొట్టు కూడా పెట్టాను. రాజక్క ఫొటో తీసింది. నేను ఇల్లు చేరకముందే అది మా హేతువాదుల వాట్సాప్ గ్రూపులోకి చేరింది.

దేవుడి మీద ఒట్టు వేయలేను గనుక ఆ పదిహేడో మైలురాయి మీదే వేస్తున్నాను: ఇకపై ఏ రాయి కనబడ్డా ముందు దాని చరిత్ర అడుగుతాను, ఉపన్యాసం తర్వాతే. ఈ ఒట్టు తప్పితే కళ్లు పోతాయని రాజక్క అంటోంది. నేను నమ్మను.

కానీ ఇంతవరకు తప్పలేదు.