మూడుచోట్ల ఎలియాసర్

గ్వాటెమాలాలోని సుంపాంగోలో మొట్టమొదట డ్రోన్ కొన్నవాడు ఎలియాసర్. అంతకుముందు శ్మశానం గోడెక్కి, కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుతూ ఫొటోలు తీసి, వాటిని పక్కపక్కన అతికించి ఊరంతా ఒకే బొమ్మలో పట్టేలా చేసేవాడు. "కదలకండి, కదిలినవాడు రెండుసార్లు పడతాడు" అని గోడమీంచి అరవడం అతని అలవాటు. డ్రోన్ వచ్చాక అదే పని ఆకాశంలోంచి చేశాడు. సకల పునీతుల పండగనాడు సమాధుల మీద బంతిపూలు, మైదానంలో ఇంటికంటే ఎత్తుగా నిలబెట్టిన కాగితం గాలిపటాలు, చుట్టూ జనం. ఆ పొడుగాటి బొమ్మనే రొట్టెల కొట్టు మక్లోవియో ఏటా క్యాలెండర్‌గా వేయించేవాడు. ఏ వంటింట్లో చూసినా అదే. అది నాదే అని ఎలియాసర్ అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు.

ఈ ఏడు రూబీలియా కూడా డ్రోన్ కొంది. అతని దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ఇద్దరూ తీసుకురండి, బాగున్నది వేయిస్తానన్నాడు మక్లోవియో. అంతే, పండగకి భార్య తొమాసా కలిపిన చల్లటి కూరల పళ్లెం ముందుపెట్టినా ఎలియాసర్‌కి ముద్ద దిగలేదు.

"నేర్పింది నేను. నా గోడమీదకే ఎక్కుతుందా అది?"

"గోడ నీ తాతగారిదేం కాదు, తిను" అంది తొమాసా.

అక్కడ డ్రోన్లు పొద్దున్నే ఎగరాలి. గాలి లేచాక చిన్న గాలిపటాలు పైకొస్తాయి, దారం తగిలితే డ్రోన్ నేలపాలే. ఎలియాసర్ గబగబా నాలుగు ఫొటోలు లాగించి తన డ్రోన్ దించేశాడు. చూడవలసిన ముచ్చట వేరే ఉంది మరి. రూబీలియా డ్రోన్ అప్పుడే పైకి లేచి, మైదానం నడుమ ఆగి, మెల్లగా చుట్టూ తిరుగుతోంది. ఎర్ర గాలిపటం ఒకటి దానివైపే జరుగుతోంది. దేవుడా, ఆ దారం తగలాలి అని మొక్కుకుంటూ, తల పైకెత్తి గాలిపటం ఎటు పోతే అటు నడిచాడు. కెమెరా కూడా అటే తిరుగుతోందని, జన్మంతా అదే పని చేసినవాడికి తట్టలేదు.

దారం తగల్లేదు. పైగా తొందరలో తీసిన అతని బొమ్మలో పెద్ద గాలిపటం అతుకు దగ్గర రెండుగా తెగింది. మక్లోవియో రూబీలియా బొమ్మే వేయించాడు.

క్యాలెండర్ వచ్చిన రోజున ఊరు ఊరంతా నవ్వింది. బొమ్మలో అందరివీ టోపీలే కనిపిస్తున్నాయి. మొహం పైకెత్తినవాడు ఒక్కడే, వాడు మూడుచోట్ల ఉన్నాడు. మూడుచోట్లా నోరు తెరుచుకునే ఉన్నాడు.

ఎలియాసర్ మండిపడుతూ రూబీలియా ఇంటికి వెళ్లాడు. బొమ్మలోంచి మనిషిని తుడిచేయడం కూడా నేర్పానుగా, కావాలనే ఉంచావా అని నిలదీశాడు.

"తుడిచేద్దామనే కూర్చున్నాను ఎలియాసర్‌గారూ. చెయ్యి రాలేదు" అంది ఆ పిల్ల. "ఆ ఎర్రదాని దారం తగులుతుందేమోనని మీరు దాని వెంటే కాపలా తిరిగారు. అంత జనంలో నాకోసం పైకి చూసింది మీరొక్కరే కదా."

ఆమె చేతిలో పెట్టిన క్యాలెండర్ పట్టుకుని ఎలియాసర్ ఇంటికొచ్చాడు. పాతది తగిలించిన మేకుకే దాన్ని తగిలించి, దానికి వీపు పెట్టి కూర్చుని అన్నం తిన్నాడు.