మామయ్య ఎడమ కాలు

మా మామయ్య దర్జీ. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తీయకుండానే నడుమెంతో చెప్పేస్తాడు. తన ఒంటి సంగతి మాత్రం ఇంకొకరు చెప్పాల్సిందే. నలభై ఏళ్లుగా తొక్కుడు మిషను మీదే బతికాడు, చెవి మీద సుద్దముక్క, పెదవుల మధ్య సిగరెట్.

రెండేళ్ల కిందట, ఒక్క ప్యాంటు కుట్టేసరికి ఎడమ పిక్క పట్టేయడం మొదలైంది. కాసేపు ఆగితే వదిలేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా మిషను మీదికి నెట్టాడు. నూనె పోశాడు, బెల్టు మార్చాడు, చివరికి మెకానిక్‌ని పిలిపించాడు. అతను కూర్చుని రెండు నిమిషాలు తొక్కి లేచాడు.

"మిషను వెన్నలా ఉంది మాస్టారూ. బాగుచేయించాల్సింది మీ కాలు."

మామయ్యకు ఒళ్లు మండింది. ఆ వారంలోనే కత్తెర జారిపడి ఎడమ కాలి చిటికెన వేలు కాస్త తెగింది. నెలైనా మానకపోగా నల్లబడింది. నేనూ అత్తా ఆయన్ని ఆస్పత్రికి లాక్కెళ్లాం.

డాక్టరమ్మ పాదం మీద నాడి కోసం చాలాసేపు వెతికింది. దొరకలేదు.

"రక్తనాళం లోపలి పొర ఏళ్ల తరబడి వాచి మందమైపోయిందండీ. దారి ఇరుకై కాలికి రక్తం అందట్లేదు. పుండు మాననిదీ అందుకే. ఇక సిగరెట్ ముట్టారంటే కాలు తీసేయాల్సి వస్తుంది."

"పోనీ, పూటకొకటి?" బేరమాడాడు మామయ్య.

"మోకాలి కింద తీయమంటారా, పైనా?" అందావిడ.

ఆ పూటే మానేశాడు. మాత్రలు మొదలయ్యాయి. వేలు మాత్రం దక్కలేదు. ఆ గాయం మానాక రోజూ నడవమన్నారు. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, మళ్లీ నడవాలి. అలా చేస్తే పక్కనున్న చిన్న నాళాలు రక్తానికి దారిస్తాయట. మామయ్యకు నొప్పికంటే సిగ్గు ఎక్కువ. నడివీధిలో ఆగితే దర్జీ పనైపోయిందని అనుకోరూ! పరువు కోసం కాలు పోగొట్టుకుంటానంటే నాకు కోపం రాదూ?

అత్త మాత్రం చెప్పులేసుకుని వెంట బయల్దేరింది. ఆయన అడుగు తడబడగానే తనే ఆగేది.

"ఉండండి, నాకు ఆయాసంగా ఉంది."

వీధి చివరికి చేరేలోగా నాలుగుసార్లు ఆగేవారు. నిండు బకెట్లతో మూడంతస్తులు ఎక్కే మనిషికి ఆయాసమేమిటి! మామయ్యకు తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

కొన్నాళ్లకు నాలుగు కాస్తా రెండయింది. మొన్న నేనూ వెంట ఉన్నాను. మందుల షాపు దాటాక అత్త అలవాటు కొద్దీ ఆగింది.

"పదవే, ఇవాళ నాకు నొప్పి రాలేదు" అన్నాడు మామయ్య.

అత్త అక్కడే ఓ మెట్టు మీద కూలబడి, ఇన్నాళ్లదీ కలిపి ఏడ్చింది. మామయ్య ఆమె పక్కనే నిలబడ్డాడు, రెండు కాళ్ల మీదా.