చేపల నీళ్ళ బంతిపూలు

కిందటేడు పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పక్కింటి అక్క నా బతుకమ్మను చూసి నవ్వింది. "ఇదేంది చెల్లె, గిన్నె బోర్లేసినవా?" అన్నది, వాడకట్టంతా వినేటట్టు. బజారులో మిగిలిన వాడిపూలతో అంతకన్నా ఎత్తు పేర్చడం నా చేత కాలేదు మరి. ఆ నవ్వు ఏడాదంతా నా కడుపులో మండుతూనే ఉంది. వచ్చే సద్దులకు నా వాకిట్లో పూసిన బంతిపూలతోనే నడుమెత్తు బతుకమ్మ పేర్చి, తీసుకెళ్ళి ఆమె బతుకమ్మ పక్కనే పెట్టాలనుకున్నాను. నాకు మొక్కలు పెంచడం రాదన్న సంగతి మాత్రం అప్పుడు గుర్తు రాలేదు.

వానలు పడగానే గేటుకూ ప్రహరీకీ నడుమ ఉన్న కాస్త జాగా తవ్వి విత్తనాలు చల్లాను. మొలకలొచ్చాయి. మూడు వారాలు పొద్దున లేవగానే వాటి ముఖమే చూశాను. పేడ ఎరువు వేశాను, ఎండ ఎక్కువైతే పాత చీర కప్పాను. పాలంపేట దగ్గర నాట్లేసి పెరిగిన మా అత్త ఒకరోజు వంగి ఒక ఆకు తుంచింది.

"ఏం పెంచుతానవే ఇంత ముద్దుగ?"

"బంతి, అత్తమ్మా."

"బంతి లేదు, ఏం లేదు. ఇది వయ్యారిభామ. పొలంల దీన్ని పీకి పీకి మా నడుములిరిగినయి. నువ్వేమో చీర గప్పి సాదుతానవ్!"

ఆకు అచ్చం బంతి ఆకులాగే ఉంటే నేనేం చేయను? ఆ కలుపంతా పీకి, చేతులకు దద్దుర్లు తెచ్చుకున్నాను. ఈసారి నారు అత్తే చూసి తెచ్చింది, నేను నాటాను.

పండుగ నెల దూరం ఉందనగా పూలు విచ్చుకున్నాయి. మొదటిరోజు వాటిని చూసి మురిసిపోయాను. రెండోరోజు పొద్దున చూస్తే సగం కాడలకు పూలే లేవు. పక్కింటి గోడ అవతలి నుంచి కొక్కెం కట్టిన కట్టె ఒకటి వచ్చి, నా కళ్ళముందే ఇంకో కొమ్మను వంచింది.

"దేవునికి చెల్లె, నాలుగే తెంపుతాన."

దేవుడికని పూలు తెంపుకునేవాళ్ళను మా దగ్గర ఎవరూ ఏమీ అనరు. అంటే అన్నవాళ్ళకే పాపం. "తెంపుకో అక్కా" అన్నాను, పళ్ళు నూరుకుంటూ. నాలుగని బుట్టెడు తీసుకుపోయింది. రోజూ ఇదే వరస. ఇట్లయితే సద్దుల నాటికి నాకు ఆకులే మిగులుతాయి.

ఒక ఆదివారం బొచ్చె చేప కడుగుతుంటే ఉపాయం తట్టింది. ఆ నీళ్ళు, పొలుసు, పేగులు అన్నీ బకెట్‌లో తీసుకెళ్ళి మొక్కల మొదట్లో పోశాను. చప్పుడు చేయకుండా పోస్తే ఏం లాభం? గోడ దగ్గర నిలబడి గొంతెత్తి అరిచాను: "అత్తమ్మా, చేపలు కడిగిన నీళ్ళు పోస్తే బంతి మంచిగ పూస్తదట! ఇగ ఎప్పుడూ ఇవే పోస్త!"

కొక్కెం కట్టె మెల్లగా వెనక్కి పోయింది. మర్నాడు రాలేదు. నీసు తగిలిన పువ్వును ఆమె దేవుడి ముందు పెట్టదు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తర్వాత పిల్లులొచ్చాయి. వాడకట్టులోని పిల్లులన్నీ వచ్చి, పేగుల కోసం తవ్వి, నాలుగు మొక్కలను వేళ్ళతో సహా లేపి పడేశాయి. ముళ్ళకంప అడ్డం పెడితే నా చీరే చిరిగింది. అయినా మిగిలిన మొక్కలు విరగబూశాయి. సద్దుల నాడు రెండు గంపల నిండా పూలు తెంపి అత్త ముందు పెట్టాను. తాంబాళంలో గుమ్మడాకులు పరుస్తున్న అత్త చేతులు వెనక్కి తీసుకుంది.

"గీ పూలతోని నేను పేర్చ."

"ఎందుకు అత్తమ్మా?"

"నీసు నీళ్ళు పోసినని నువ్వే గదనే అరిచి చెప్పినవ్! ఆమె దేవునికి పనికిరానియి మన గౌరమ్మకు పనికొస్తయా? నలుగురిల ఏం ముఖం పెట్టుకొని పోవాలె?"

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అత్త ఖాళీ గంప తీసుకుని పక్కింటికి పోయింది. ఆ అక్క తమ్ముడు ఊరి నుంచి బస్తాలకొద్దీ బంతి, గునుగు తెచ్చాడట, గంప నిండా ఇచ్చింది. ఆమె ఇచ్చిన పూలను ఎత్తి బయట పారేయాలనిపించింది. పారేయలేదు. ఒక్కో వరస పేర్చుతూ పోతే బతుకమ్మ నడుమెత్తు లేచింది.

సాయంత్రం దాన్ని అందరి బతుకమ్మల నడుమ పెట్టగానే ఆడవాళ్ళందరూ మూగారు. అందులో ఒకామె ముక్కు మీద కొంగు పెట్టుకుంది. "ఎత్తయితే మంచిగున్నది గని, గివి ఆ చేపల నీళ్ళ పూలు గావుగద?"

పక్కింటి అక్క నా పక్కనే ఉంది. ఆ పూలు తనవని ఒక్క మాట అంటే చాలు, నా పని అయిపోయినట్టే.

"చేపలు లేవు, ఏం లేవు," అన్నది ఆమె. "పూలు ఆమె వాకిట్లయే. నేనే రోజు బుట్టెడు తెంపితి, ఎవలకైనా కోపం రాదా? నన్ను రానియ్యద్దని ఉత్తగనే అట్ల అరిచింది."

అందరూ నవ్వి ఆట మొదలుపెట్టారు. నేను తల వంచుకుని చప్పట్లు కొట్టాను. ఆమె నిజం చెప్పి ఉంటే ఏదో ఒకరోజు బదులు తీర్చుకునేదాన్ని. ఆ అబద్ధపు రుణం ఎట్లా తీర్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.