వంతెన ఎక్కని వేగం

మా ఇంట్లో ఏ శుభకార్యానికి బయల్దేరాలన్నా అందరికంటే ముందు నేను బయల్దేరాలి. "నీ బండి నెమ్మది కదా నాయనా, నువ్వు ముందు కదులు, మేం వెనకాలే వచ్చేస్తాం" అంటుంది మా పెద్దమ్మ. ప్రేమగానే అంటుంది, ఫ్లాస్కులో కాఫీ కూడా పోసిస్తుంది. నేను కాళ్ళకి ఇనపపట్టీల కాలిపర్లు బిగించుకుని, చేతికర్ర బండికి కట్టుకుని, ఇంట్లో ఇంకా ఎవరి స్నానాలూ కాకముందే రోడ్డు మీద ఉంటాను. పెళ్ళికి అందరికంటే ముందు చేరి, పందిరి వేసేవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ కష్టసుఖాలు ఇన్ని విన్నవాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

చిన్నప్పుడే పోలియో వచ్చి నా కాళ్ళు రెండూ సన్నబడిపోయాయి. గేర్లు లేని స్కూటరూ, దాని వెనక చక్రానికి చెరోపక్కా బిగించిన రెండు చిన్న చక్రాలూ, ఇవే నాకు కాళ్ళు. గూడూరు దగ్గర మా ఊరి నుంచి రోజూ బందరు వెళ్ళి గిల్టు నగలకి రాళ్ళు అతికిస్తాను. కూర్చుని చేసే పని కాబట్టి అందులో నేను ఎవరికీ తీసిపోను.

బండి నెమ్మది అన్న మాట అబద్ధం కాదు. నలభై దాటిందంటే పక్క చక్రాలు గడగడమంటాయి, ఆపైన ఎంత తిప్పినా ముల్లు కదలదు. కానీ అసలు సంగతి అది కాదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అప్పుడు నాకు బండే లేదు. అయినా రిక్షా మాట్లాడి నన్ను ముందే పంపించేసేవారు. అందరూ మంచి ఘడియ చూసుకుని గడప దాటేవేళ అవిటివాడు ఎదురు రాకూడదు. అదీ అసలు మాట. ఆ మాట మా వాళ్ళు ఒక్కసారి కూడా నా మొహం మీద అనలేదు. అంత మర్యాదస్తులు. రిక్షా ఉన్న రోజుల్లో రిక్షా నెమ్మది అన్నారు, బండి వచ్చాక బండి నెమ్మది అన్నారు.

ముందు బయల్దేరమని ఎప్పుడూ అనని మనిషి మా చెల్లెలొక్కతే. "అన్నయ్యని అంత పొద్దున్నే తరుముతారేంటి" అని పెద్దమ్మతో పోట్లాడేది. తన పెళ్ళినాడు కూడా పోట్లాడింది. పెళ్ళికూతురి మాట ఎవరు వింటారు? ఆ రోజూ నేను ముందే వెళ్ళాను.

దానికి పెళ్ళయిన చాలా ఏళ్ళకి కొడుకు పుట్టాడు. పురిటికి వచ్చి ఇక్కడే ఉంది. పిల్లాడి చెవులు కుట్టడం మాత్రం కోడూరు దగ్గర వాళ్ళ అత్తగారి ఊరి గుళ్ళో అన్నారు. చెవులు కుట్టేటప్పుడు పిల్లాడు మేనమామ ఒళ్ళో కూర్చోవాలి, పోగులు మేనమామ తేవాలి. మేనమామ చెయ్యవలసిన మిగతావన్నీ నిలబడి చేసేవో, ఎత్తుకుని నడిచేవో. ఇదొక్కటి కూర్చుని చేసేది. ఒడి ఉంటే చాలు, కాళ్ళు అక్కర్లేదు. ఆ సంగతి తట్టిన రోజు నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

పగలంతా గిల్టు తాకే చేత్తో అసలు బంగారం పోగులు చేయించాను. ఆ వెంటనే ఇంకో ఆశ పుట్టింది. ఈసారి వాళ్ళతోపాటు బయల్దేరాలి. వాళ్ళు గడప దాటేవేళకి నేను కూడా ఆ వాకిట్లోనే ఉండాలి. బండి వేగం పెంచేస్తే నెమ్మది అన్న సాకు ఉండదు. అప్పుడు ఎదురు రావద్దన్న మాట నోరు విడిచి చెప్పాలి, లేదా నన్ను కలుపుకుని వెళ్ళాలి. రెంటిలో ఏది చేస్తారో చూద్దామనుకున్నాను. దీన్ని పంతం అంటుంది నా భార్య. పంతమే.

గుడివాడలో ఒక మెకానిక్కు ఉన్నాడు. కుర్రాళ్ళ బళ్ళకి వేగం పెంచడంలో పేరున్నవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావగారూ అంటాడు. బండి నడుపుకుంటూ వెళ్ళి సంగతి చెప్పాను. వెనక చక్రం పక్కనున్న మూత విప్పి చూపించాడు.

"ఇంజను బానే తిరుగుతుందండి బావగారూ. ఆ తిరుగుడు బెల్టు మీదగా చక్రందాకా వచ్చేలోపు ఈ గేర్ల జత దాన్ని నెమ్మది చేసేత్తంది. ఈ జత తీసేసి పెద్ద బండి జత వేశామనుకోండి, ఇంజను అంతే తిరుగుద్ది, చక్రం ఎక్కువ తిరుగుద్ది. సిలిండరు బోరు చేసి కొంచెం పెద్ద పిస్టను వేద్దాం. బెల్టు తొందరగా అందుకోటానికి బరువు రోలర్లు పెడదాం. డెబ్భై కొట్టాలి."

"మరి కంపెనీవాళ్ళే అలా ఎందుకు పెట్టలేదు?"

"లాగుడు తగ్గుద్దండి. ఎత్తులెక్కేటప్పుడు ఇబ్బంది పెడద్ది."

"ఎత్తా?" అన్నాను.

ఇద్దరం షాపు ముందున్న రోడ్డు వైపు చూశాం. ఆ చివర నుంచి ఈ చివరిదాకా చాపలా పరుచుకుని ఉంది. మా వైపు కొండ చూడాలంటే బెజవాడ వెళ్ళాలి. ఇక్కడ కాలవలో నీళ్ళు కూడా ఎటు పారాలో కాసేపు ఆలోచించుకుని పారతాయి. ఎత్తులంట, ఎత్తులు అని ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. మా నాన్న కాలం నుంచీ ఈ పల్లంలో పుట్టి పెరిగినవాళ్ళం, ఎత్తు అన్న మాట మాకు చెవికెక్కదు.

బండి అతని దగ్గర ఉన్నన్నాళ్ళు నేను ఆటోలో పనికి వెళ్ళాను. తిరిగి ఇచ్చిన రోజున గుడ్లవల్లేరు దాటాక రోడ్డు ఖాళీగా కనిపిస్తే యాక్సిలేటరు పూర్తిగా తిప్పాను. ముందు కాస్త బద్ధకించింది. తర్వాత అందుకుంది. యాభై, అరవై, ఇంకా పైకి. కాలవ గట్టు మీద కొబ్బరిచెట్లు వెనక్కి పరిగెత్తాయి. ఒక మోటారు సైకిలు మీద వెళ్తున్న కుర్రాణ్ణి దాటాను. నా జన్మలో నేను ఒక మనిషిని దాటడం అదే మొదలు. గాలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గాలికే అనుకున్నాను. పెడన వచ్చేదాకా ఏడుస్తూనే నడిపాను.

చెవులు కుట్టే ముందురోజు పెద్దమ్మ మామూలుగానే ఫ్లాస్కు కడిగి పెట్టింది. "రేపు మీతోపాటే వస్తాను. బండి ఇప్పుడు డెబ్భై వెళ్తోంది" అన్నాను. ఆవిడ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు పిల్లాడికి నూనె రాస్తూ తల ఎత్తకుండా, "అన్నయ్య నాతోనే వస్తాడు" అంది. పెద్దమ్మ ఫ్లాస్కు లోపల పెట్టేసింది.

తెల్లారాక రెండు కార్లూ, మా పెదనాన్న కొడుకుదీ ఇంకెవరిదో రెండు మోటారు సైకిళ్ళూ వాకిట్లో నిలబడ్డాయి. నేను వాటి మధ్యలో, ఇంజను వేసుకుని, వెనక నా భార్యని కూర్చోబెట్టుకుని ఉన్నాను. పిల్లాణ్ణి ఎత్తుకుని చెల్లెలు గడప దాటి, తిన్నగా నా మొహంలోకి చూసి నవ్వింది. ఎదురు రావడమంటే అదే అయితే, నేను ఎదురొచ్చాను. ఆకాశం విరిగి పడలేదు.

బందరు దాటేదాకా కార్ల పక్కనే నడిపాను. చెల్లెలు కిటికీలోంచి పిల్లాడి చెయ్యి పట్టుకుని ఊపించింది. నేను హారను కొట్టాను. ఇంత ఆనందం ఈ వయసులో మనిషికి మంచిది కాదు.

దివిసీమలోకి వెళ్ళాలంటే కృష్ణ పాయ మీద ఉల్లిపాలెం వంతెన దాటాలి. పాత వేగంతో ఆ వంతెన మీద నేను ఎన్నోసార్లు వెళ్ళాను. గొణుక్కుంటూ, ముసలి ఎద్దులా బండి తన మానాన తను ఎక్కి దిగేది. అందుకే అది ఎత్తు అని నాకు ఎన్నడూ తట్టలేదు. వంతెన అంటే వంతెనే అనుకున్నాను.

వంతెన మొదట్లోనే ముల్లు పడిపోవడం మొదలైంది. వెనక మనిషి బరువు, పక్క చక్రాల బరువు, సముద్రం వైపు నుంచి కొట్టే గాలి. ఇంజను నోరు మూసుకుపోయినట్టు గుర్రుమంది. ఇంకా తిప్పాను. కింద నుంచి కాలిన వాసన వచ్చింది. సగం ఎత్తులో బండి ఆగిపోయి, మెల్లగా వెనక్కి జారింది. బ్రేకు నొక్కి పట్టుకున్నాను.

కార్లు ముందు ఆగాయి. చెల్లెలి భర్త దిగి పరిగెత్తుకొచ్చారు. "బండి ఇక్కడే వదిలేసి కారెక్కండి బావగారూ, సర్దుకుందాం. ముహూర్తం దగ్గర పడుతోంది."

"క్లచ్చు చల్లారితే కదులుతుందండీ. మీరు పదండి, వెనకే వచ్చేస్తాను" అన్నాను. డెబ్భై వెళ్తుందని చెప్పిన నోటితో నన్ను ఎత్తి కారులో వెయ్యండని ఎలా అంటాను? పైగా పోగులు నా జేబులో ఉన్నాయి. పోగులు లేకుండా, మేనమామ లేకుండా చెవులెలా కుడతారులే అని ధీమా. చెల్లెలు కిటికీలోంచి చూస్తూనే ఉంది. వెళ్ళమని చెయ్యి ఊపాను. వెళ్ళారు.

కాసేపు ఆగి మళ్ళీ వేశాను. నాలుగు బారలు ఎక్కాక లోపల టప్పుమంది, బెల్టు తెగింది. నా భార్య పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని వెనక నుంచి తోసింది. దాని కాళ్ళు సిమెంటు మీద జారుతున్నాయి. నేను దిగి సాయం పట్టలేను. హ్యాండిలు పట్టుకుని రాజుగారిలా కూర్చున్నాను. దాటి వెళ్ళేవాళ్ళు చూస్తూ వెళ్తున్నారు. "ఇంకొంచెమండీ" అంటోంది రొప్పుతూ. ఆ గొంతు విని చచ్చిపోవాలనిపించింది. కృష్ణ కిందే ఉంది, పిట్టగోడ పక్కనే ఉంది, అక్కడిదాకా నడవడానికి కూడా కాళ్ళు లేవు.

చివరికి రొయ్యల మేత దింపి వస్తున్న ట్రాలీ ఆటో అతను జాలిపడి, ఆటో వెనక్కి తిప్పి, బండినీ మమ్మల్నీ ఎక్కించుకున్నాడు. ఖాళీ బస్తాల మధ్య కూర్చుని వెళ్ళాను. రొయ్యల మేత కంపుతో గుడి ముందు దిగాను.

అయిపోయింది. ముహూర్తం దాటిపోతుందని మా పెదనాన్న కొడుకు ఒళ్ళో కూర్చోబెట్టి, చెవులు కుట్టే ఆచారి పెట్టెలో ఉన్న రాగి తీగతో కుట్టించేశారు. వరసకి వాడూ మేనమామే కదా. పిల్లాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోతున్నాడు. చెవులకి పసుపు పెట్టి ఉంది. చెల్లెలు వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టింది. పెద్దమ్మ మాత్రం పక్కావిడతో, నాకు వినిపించేలాగే, "అందుకే ముందు బయల్దేరమనేది" అంది. ఆవిడ ఎదురు గురించి అన్నదో బండి గురించి అన్నదో తెలియదు. ఇప్పుడు రెండూ ఒకటైపోయాయి. అదే నేను సాధించింది. వాళ్ళ సాకుని నా చేత్తో నేనే నిజం చేశాను.

గుడివాడ మెకానిక్కుకి పాత గేర్ల జత మళ్ళీ వెయ్యమని చెప్పాను. "ఇనుప సామాను వాడికి వేసేశానండి" అన్నాడు తల గోక్కుంటూ. దొరికిన జత ఏదో వేశాడు, ఇంకో బెల్టు వేశాడు. పెద్ద పిస్టను వేడికి అరిగి, ఇంజను నీలం పొగ కక్కుతోంది. ఇప్పుడు వంతెన ఎక్కుతుంది. ముప్పై దాటదు. బందరుకి పనికి వెళ్ళాలన్నా ఇదివరకటి కంటే పెందలాడే లేవాలి.

మొన్న చెల్లెలు అత్తగారింటి నుంచి ఫోను చేసింది. పిల్లాడి చెవులు ఆరాయి, శుక్రవారం రాగి తీగలు తీసేసి పోగులు పెడదాం అంది. మా ఇంటి నుంచి అందరూ వస్తారంది. పోగులు నా దగ్గర భద్రంగా ఉన్నాయన్నాను.

"అన్నయ్యా" అంది. దాని గొంతు చాలా మెత్తగా ఉంది, పెద్దమ్మ గొంతులాగే ప్రేమగా ఉంది. "నువ్వు మాత్రం ముందే బయల్దేరు."

సరేనమ్మా అన్నాను.