మా గోడ మీది గొర్రెలు

తిరుమణిలో బస్సు దిగినోళ్లు మొదట చూసేది మా ఇంటి గోడనే. "అబ్బ, ఎంత బాగుండాది!" అని ఫోన్లు తీసి ఫోటోలు పట్టుకుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతాది.

సోలారు కంపెనీ వాళ్లు యాడినుంచో పిలుచుకొచ్చిన పిల్లోళ్లు గీసిన బొమ్మ అది. నేను కూలికి పోయినప్పుడు వచ్చి అడిగితే మా నాయన తలూపినాడంట. సాయంత్రం వచ్చి చూస్తే గోడంతా రంగులే. వరసకు వరస నీలం ప్యానళ్లు, పైన నవ్వే సూర్యుడు, ప్యానళ్ల సందుల్లో ఇరుక్కొని తెల్లగా బొద్దుగా గొర్రెలు. ఒక మూల తలగుడ్డ కట్టిన రైతు, ప్యానళ్లకు రెండు చేతులెత్తి దండం పెడతా ఉండాడు. ఆ మీసం మా నాయనదే! ఎదురుగా కూర్చోబెట్టుకొని చూసి గీసినారంట.

"దేవునికి తప్ప ఎవురికన్నా చేతులెత్తినావా నాయనా నువ్వు?" అని అరిచినా. ఆయన మొగం తిప్పుకొని అరుగు మీద ఒరిగినాడు.

గొర్రెల మందను అమ్మినప్పటినుంచి ఆయన అంతే. ప్యానళ్లు పెట్టేదానికి చేను కంపెనీకి లీజుకు ఇచ్చినాం, సరే. పక్కనున్న బీడు గూడా వాళ్ల కంచెలోపలికి పాయె. మేపేదానికి జాగా లేక గొర్రెలన్నిట్నీ సంతకు తోలినాడు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు, కూర్చున్నట్టే ఉండిపోయినాడు. అట్లాంటి మనిషి కండ్లెదురుగా, ఆయన గోడ మీదనే ఇవి గీస్తారా? పుండు మీద కారం చల్లినట్టు గాదా? సొమ్మొకడిది, సోకొకడిది!

రంగులు మంచివే, కాదనను. ముందర నిలబడిన గొర్రెపిల్ల కండ్లు ఎంత బాగా గీసినారంటే, బిందె పట్టుకొని పోతా పోతా నేనూ నిలబడి చూస్తా. చూసినందుకు మళ్లీ నా మీద నాకే కోపమొస్తాది.

ఉగాదికి గోడలకు సున్నం కొట్టేది మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. ఈసారి ఆ బొమ్మను పూరా తుడిచేద్దామని బకెట్టు నిండా సున్నం కలిపినా. కుంచె ముంచినానో లేదో, నాయన అరుగు దిగొచ్చి నా చేతిలోది లాక్కున్నాడు. వద్దంటాడేమో అనుకున్నా. ఆయన మాత్రం ఒక్కొక్క ప్యానలు మీదా సున్నం కొట్టుకుంటా పోయినాడు. ఒక్క గొర్రెకు గూడా చుక్క తగలనీలే.

దావన పోతా ఉండిన కంపెనీ మనిషి జీపు ఆపి ఎగిరిపడినాడు. "ఏందప్పా ఇది? బంగారమట్లా బొమ్మను చెడగొడితివే!"

నాయన కుంచె దించలే. "గొర్రెలు బాగా గీస్తిరి సారూ. మేసేదానికి జాగా గీసేది మరిస్తిరి."

జీపు పోయినాక కుంచె నా చేతికిచ్చినాడు. మూలనున్న రైతును, దండం పెట్టే ఆ చేతుల్ని చూపించినాడు.

"అవి నువ్వు కొట్టు."