ఆఫీసు గొంతు

నెల్లూరులో విదేశీయుల ఫోన్లకు ఇంగ్లీషులో జవాబిచ్చే ఆఫీసులో చేరిన కొత్తలో నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టారు. గోడలకు స్పాంజి. కిటికీ లేదు. తలుపు మూస్తే నా ఊపిరి నాకే వినబడేది. మైపాడులో పుట్టి, సముద్రపు హోరు లేనిదే నిద్రపోని మనిషిని. ఆ గదిలో తల పగిలిపోయేది.

ఎదురుగా కంప్యూటర్ తెర. పైన తెల్లవాళ్ల గొంతు గీత, కింద నాది. వాళ్ల గీత ఎక్కుతుంది, దిగుతుంది. నాది రొయ్యల గుంట గట్టులాగా చదునుగా పోతుంది. "మాటలోని ముక్కలన్నిటినీ ఒకే బరువుతో పలుకుతున్నారు. ఒక ముక్క సాగదీసి మిగతావి మింగెయ్యండి" అనేవారు ట్రైనర్ మేడమ్. ట పలికేటప్పుడు నాలుక వెనక్కి మడవకూడదట. ప అంటే పెదాల ముందున్న కాగితం ఎగరాలట. రెండు గీతలూ కలిస్తేనే ఉద్యోగం పర్మినెంటు, లేదంటే ఇంటికే. ఒళ్లు మండిపోయేది. ఇన్నేళ్లూ ఈ నోటితోనే గదా మాట్లాడింది! అయినా కాగితం ముందు ఊదుతూ కూర్చున్నాను.

చివరికి గీతలు కలిశాయి, అందరూ చప్పట్లు కొట్టారు. అసలు బాధ అప్పుడు మొదలైంది. ఆ గొంతు ఆఫీసులో ఆగలేదు. బస్సులో టికెట్ అడిగినా అదే. చేపలమ్మే అక్క దగ్గర బేరమాడబోతే, "ఏందిమే, దొరసానివైపోయినావా?" అని ఎగతాళి చేసింది. నవ్వేశాను గానీ లోపల భయం పట్టుకుంది. తలుపు తీసుకుని బయటికొచ్చినా ఆ గదిలోనే ఉన్నాను.

ఇంతలో అమ్మకు గుండె ఆపరేషన్ అన్నారు. ఇంట్లో మేమిద్దరమే. ఏ ప్రయాణమైనా గడప దాటే ముందు మోకరించి ప్రార్థన చేసుకోవడం మాకు అలవాటు. ఎప్పుడూ అమ్మే చేసేది. ఆస్పత్రికి బయల్దేరే పొద్దున మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఈ పొద్దు నువ్వు చెయ్యిమే. నీ మాట ఇంటే నాకు దైర్నెంగా ఉంటాది" అంది.

కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, మా అమ్మను నీ చేతుల్లో పెడుతున్నాం..."

ప దగ్గర గాలి. చివర మెత్తగా పైకి లేచిన సాగతీత. కోపంగా ఉన్న కస్టమర్‌ను చల్లార్చే గొంతు అది. దేవుణ్ణి లైన్లో ఉంచి మాట్లాడుతున్నట్టుంది.

"ఎవురో మాట్లాడతా ఉండారే," అంది అమ్మ కళ్లు తెరవకుండానే. "నువ్వు చెయ్యమ్మా."

మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే. బయట ఆటో హారన్ కొడుతోంది. అమ్మ తల వంచుకుని ఇంకా కాచుకునే ఉంది. ఈ ఒక్క పూటకైనా నా గొంతు నాకు దొరకదా అని ఏడుపొచ్చింది. ప్రార్థన మాటలన్నీ మరిచిపోయాను.

"మా, నాకు బయంగా ఉండాది మా" అన్నాను.

"ఆమెన్" అని అమ్మ లేచింది.