వరికుచ్చు రాలిన దీపావళి

మా చిన్నప్పుడు, ఛత్తీస్‌గఢ్‌లో, రాయపూర్‌లోని మోవా పేటలో, దీపావళి ముందురోజు మా అమ్మ గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చునేది... ఒళ్లో ఇనుప చక్రం, పక్కన తడిగుడ్డలో చుట్టిన వరికంకుల కట్ట, బుట్టెడు బంతిపూలు.

చక్రం నాన్న చేసేవాడు. ఉర్లా ఫ్యాక్టరీల వాడలో ఓ షెడ్డులో వెల్డరు. మిగిలిన సన్న కడ్డీని గుండ్రంగా వంచి, చివర్లు అతికించి, ఆకురాయితో నున్నగా రాకి తెచ్చేవాడు. అమ్మ దాని చుట్టూ కంకుల్ని జడలా అల్లి, మధ్యమధ్య బంతిపూలు గుచ్చి, కింద కుచ్చులు వేలాడదీసేది. ఇక్కడివాళ్లు దాన్ని ఝాలర్ అంటారు... పిచ్చుకలొచ్చి గింజలు తింటే ఇంటికి మంచిదని. మేము శ్రీకాకుళం వాళ్లం, మాకది వరికుచ్చు.

ఎంత బాగుండేదో! కానీ నాన్న షిఫ్టు దిగి వచ్చేలోపు అది గుమ్మానికి ఎక్కాలి. తోటి పనివాళ్లని వెంటబెట్టుకొచ్చి చూపించుకోవడం ఆయనకి గొప్ప. ఎక్కకపోతే కొట్టేవాడు. ఒక ఏడాది పూలు పలచగా ఉన్నాయని అమ్మ జుట్టు పట్టుకుని తల గోడకి కొట్టాడు. ఇంకో ఏడాది బెల్టుతో నన్ను. చిన్ననాటి తీపి గుర్తులు రాయమని అడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఏమీ అనుకోకండి...

ఈ సంగతి జరిగినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కంకులు పక్కింటి దుర్పతి బాయి తెచ్చేది, వాళ్లది అభన్‌పూర్ దగ్గర పల్లె. కొంచెం పచ్చిగా ఉండగానే కోసుకొచ్చి, తడిగుడ్డలో ఉంచమని ప్రతిసారీ చెప్పేది. అలా ఉంటేనే కాడ వంగుతుంది, గింజ నిలుస్తుంది. ఆ ఏడు అమ్మకి జ్వరం. నేను సాయం చేద్దామనుకున్నాను. ధాన్యమంటే బాగా ఎండాలని ఊళ్లో నాయనమ్మ చెప్పింది గుర్తుంది కదా, మహా తెలివి! తీసుకెళ్లి రెండు రోజులు డాబా మీద ఎండలో పడేశాను.

అమ్మ అల్లబోతే కాడలు పుటుక్కు పుటుక్కున విరిగాయి... గింజలన్నీ జలజలా ఆమె ఒళ్లో రాలిపోయాయి. అమ్మ ముఖం పాలిపోయింది.

"ఓలమ్మా... ఏటి సేసినావే గుంటా!" అంది. అంతకుమించి తిట్టలేదు.

నాన్న రావడానికి గంట ఉంది. మామిడాకులు కట్టాం, ఉన్న పూలన్నీ గుచ్చాం. దుర్పతి బాయి తన గుమ్మానికి కట్టిన ఝాలర్ సగం విప్పి ఇచ్చేసింది పాపం. అయినా చక్రం సగమే నిండింది. మిగతా సగం ఇనుము బోసిగా కనిపిస్తోంది. అలాగే గుమ్మానికి తగిలించాం.

ఆ రోజు నాన్న వెంట ఇద్దరొచ్చారు. వాళ్లలో ఒకడు గుమ్మం వంక చూసి నవ్వాడు. "క్యా భాయ్, ఆధా హీ బనా?" సగమే అయిందేంటని.

అంతే. నాన్న చక్రాన్ని ఊడబెరికి నేలకేసి కొట్టాడు. "ఎవులు పాడు సేసినారిది?" అని అరిచాడు. అమ్మ నోరు తెరిచేలోపు "నానే" అన్నాను. తప్పు తన మీద వేసుకుంటుందని నాకు తెలుసు.

మూలనున్న కడ్డీ ముక్క అందుకున్నాడు. మొదటి దెబ్బ నా వీపు మీద. ఊపిరి ఆగిపోయింది. రెండోది తలకి వచ్చేదే... అమ్మ అడ్డం దూరి చెయ్యి పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. వచ్చినవాళ్లిద్దరూ మిఠాయి డబ్బాలు పట్టుకుని నేల చూపులు చూస్తూ నిలబడ్డారు, మగమహారాజులు!

కదిలింది దుర్పతి బాయి. పిట్టగోడ దాటి వచ్చి, "లైకా లా కాబర్ మారత్ హస్!" అని అరుస్తూ నాన్న చొక్కా పట్టుకుని వెనక్కి గుంజింది. పిల్లనెందుకు కొడుతున్నావని. ఆ గుంజుడుకి కడ్డీ జారి కిందపడింది.

అమ్మ బాగున్న చేత్తో దాన్ని తీసుకుంది. నాన్న మోకాలి మీద కొట్టింది... ఒకసారి కాదు, మూడుసార్లు. ఆయన అరుచుకుంటూ కూలబడ్డాడు. విరిగిన చెయ్యి వేలాడుతుంటే ఆయన మీదికి వంగి అంది:

"ఇంకోపాలి గుంట మీద సెయ్యేసినావంటే సంపేసి జైలుకెల్తాను. నానేటి బయపడతాననుకుంటన్నావా?"

నాకు భయం వెయ్యలేదు. చెప్పుకోకూడదు గానీ... సంతోషం వేసింది. ఇంకో నాలుగు కొట్టమ్మా అనిపించింది.

ఆసుపత్రిలో జారిపడ్డానని చెప్పమని నాన్న బతిమాలాడు. అమ్మ వరండాలో అందరికీ వినపడేలా చెప్పింది, "మేరే ఆద్మీ నే మారా" అని... మా ఆయనే కొట్టాడని. ఆయన మారిపోయాడని నేను అబద్ధం చెప్పను. తర్వాత కూడా చెయ్యి లేచేది. అమ్మ ముఖం చూసి దిగిపోయేది. మళ్లీ ఎప్పుడూ నా మీద పడలేదు.

కానీ అమ్మ చెయ్యి సరిగ్గా అతకలేదు. వేళ్లు ముడుచుకునేవి కావు. ఆ తర్వాత అమ్మ కంకులు అల్లలేదు.

ఇప్పుడు ఫోన్లో నొక్కితే ప్లాస్టిక్ తోరణం ఇంటికొస్తుంది. మొన్న నేనూ తెప్పించి కట్టాను. బాగానే ఉంది. దాని కింద నుంచి నా కూతురు పాటలు పాడుకుంటూ లోపలికీ బయటికీ తిరుగుతోంది, దెబ్బంటే ఏమిటో దానికి తెలియదు. ఆ రోజులు మళ్లీ వస్తే బాగుండునని అందరూ రాస్తుంటారు... నాకొద్దు బాబూ. అమ్మ చెయ్యొక్కటి మళ్లీ మామూలుగా కావాలి, అంతే.

మీ మీద పడబోయిన దెబ్బకి ఎవరైనా అడ్డం వచ్చారా? వస్తే వాళ్ల పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి...

మా అమ్మ పేరు అప్పలనరసమ్మ.